బరువు తూస్తున్నాం సరే, ఆట మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరులో పోషణ మాసం వార్తలతో జిల్లా పేజీలు నిండిపోతాయి. అంగన్‌వాడీ ముందు ముగ్గులు, బల్ల మీద ఆకుకూరలు, చిరుధాన్యాలు, తూకం యంత్రంలో ఏడుస్తున్న చంటిబిడ్డ, చుట్టూ అధికారులు. తూకం అవసరమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అయితే తూకం ముగిశాక తల్లికి చెప్పి పంపే మాటల్లో గుడ్డు, పాలు, బాలామృతం ఉంటాయి. ఈ నెల బిడ్డతో ఏ ఆట ఆడాలన్నది మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండదు. పసిపిల్లల ఎదుగుదల మీద పనిచేసేవాళ్లుగా మేం చెప్పదలచుకున్నది ఇదే. మూడేళ్లలోపు బిడ్డకు ఆట కూడా తిండి లాగే లెక్క ప్రకారం అందాలి. దానికి మోతాదు ఉంది, పద్ధతి ఉంది, తప్పితే నష్టమూ ఉంది.

దీనికి గట్టి ఆధారం జమైకాలో ఉంది. 1986-87లో రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 9 నుంచి 24 నెలల వయసున్న, ఎత్తు పెరగని 129 మంది పిల్లలను నాలుగు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు వారానికి కిలో పాలపొడి ఆహారం, ఒక జట్టుకు వారానికో గంట ఆట, ఒక జట్టుకు ఆ రెండూ ఇచ్చారు. నాలుగో జట్టుకు ఈ రెండింటిలో ఏదీ లేదు. ఆట నేర్పడానికి ఇంటింటికీ తిరిగింది డాక్టర్లు కారు, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య సహాయకులు. తాము ఆడించి వెళ్లిపోకుండా తల్లి చేత ఆడించారు. పారేసే డబ్బాలు, సీసాలతో చేసిన బొమ్మలు ఇంట్లో ఉంచి, మళ్లీ వచ్చినప్పుడు అవి తీసుకుని వేరేవి ఇచ్చారు. ఇలా రెండేళ్లు నడిచింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. చిన్నప్పుడు ఎత్తు సరిగ్గా ఉన్న తోటివాళ్లతో సమానమయ్యారు. పాలపొడి మాత్రమే అందిన జట్టుకు అలాంటి లాభం నిలవలేదు. అంటే తిండి మానేసి ఆడించమని కాదు. తిండి ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచిన ఇళ్లు మనవి. బిడ్డ ఏ నెలలో ఏం చేస్తున్నాడో వీధి మొత్తానికీ తెలిసేది. ఇప్పుడు ఆ గుర్తులన్నీ తల్లీబిడ్డల రక్షణ కార్డులో బొమ్మలతో సహా అచ్చయి ఉన్నాయి. కానీ ఆ కార్డు టీకా రోజున తప్ప బీరువాలోంచి బయటికి రాదు.

ఇక పద్ధతి. మొదటిది నేల మీద గడిపే సమయం. ఇంకా పాకడం రాని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అరగంట ఒక్కసారే కాదు. మొదటి వారాల్లో ఒకటి రెండు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చాలు, తర్వాత నెమ్మదిగా పెంచాలి. పాలు తాగిన అరగంటకు గానీ మొదలుపెట్టకూడదు. తాగిన వెంటనే పడుకోబెడితే కక్కుతాడు, ఏడుస్తాడు, దాంతో “మావాడికి బోర్లా పడదు” అని పెద్దవాళ్లు ఆ ఊసే మానేస్తారు. పరుపు పనికిరాదు. మెత్తటి పరుపులో ముక్కు కూరుకుపోతుంది, మోచేతులు ఆన్చి తల ఎత్తడానికి పట్టు దొరకదు. నేల మీద చాప, చాప మీద గట్టిగా పరిచిన దుప్పటి ఉంటే సరి. ఎదురుగా ఎవరో ఒకరు తామూ బోర్లా పడుకుని ముఖం చూపించాలి. మొదట్లో బిడ్డకు స్పష్టంగా కనిపించేది జానెడు, జానెడున్నర దూరమే. నేల మీద బొత్తిగా ఒప్పుకోని బిడ్డ తండ్రి ఛాతీ మీద ఒప్పుకుంటాడు, అదీ లెక్కలోకే వస్తుంది. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్న బిడ్డను చీర ఉయ్యాలలోనో, తోపుడు బండిలోనో ఒకేసారి గంటకు మించి ఉంచకూడదు.

చక్రాల వాకర్ గురించి మెత్తగా చెప్పడం మావల్ల కాదు. బారసాలకో, మొదటి పుట్టినరోజుకో ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. వాకర్‌లో బిడ్డ మునివేళ్ల మీద నెట్టుకుంటాడు, తూగు నిలుపుకోవడం నేర్చుకోడు, దాంతో నడక ముందుకు రావడానికి బదులు వెనక్కి పోతుంది. పైగా గడప దగ్గర బోల్తా పడడం, మెట్ల మీంచి దొర్లడం, పొయ్యి దాకా చేయి చాపడం దీనితోనే జరుగుతాయి. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. బదులుగా బరువైన కుర్చీనో, పీటనో పట్టుకుని లేవనివ్వండి. లేచి, గోడ వారగా అడ్డంగా నాలుగడుగులు వేసే బిడ్డ కొన్ని వారాలకో, నెలకో చేయి వదులుతాడు. దానికి ఖర్చేమీ లేదు.

మాటల విషయంలో ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే. బిడ్డతో మాట్లాడతారు గానీ, జవాబు కోసం ఆగరు. మూడు నెలల బిడ్డ “ఊ” అనడానికి సమయం పడుతుంది. మీరొక మాట అని, మనసులో ఐదు లెక్కపెట్టి, ముఖం చూస్తూ ఉండండి. ఏదో ఒక శబ్దం వస్తుంది. అదే శబ్దం మీరు తిరిగి అని, దానికొక మాట కలపండి. ఏడాది బిడ్డ వేలితో కుక్కను చూపిస్తే “అవును, కుక్క, నల్ల కుక్క, పరిగెడుతోంది” అనాలి. “అదేంటి? చెప్పు చెప్పు, ఆంటీకి చెప్పు” అని పరీక్ష పెట్టకూడదు. స్నానం చేయించేటప్పుడు, కూర తరిగేటప్పుడు, బట్టలు మడత పెట్టేటప్పుడు చేస్తున్న పనినే పైకి చెప్తూ ఉంటే వేరే సమయం వెతుక్కోనక్కరలేదు. పైగా మన నాయనమ్మలు, అమ్మమ్మలు కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఒళ్లు రుద్దుతూ మాట్లాడే మాటలకు సాటి రాగల యాప్ ఏదీ లేదు. కాకపోతే ఆ నూనెను ముక్కులో, చెవిలో పోయడం మానాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తెస్తుంది. వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె రాయడం కూడా వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ పెట్టకూడదు, తేనె అయితే ఏడాది నిండేదాకా పెట్టకూడదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇంకో చిక్కు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషు కాబట్టి మాట ఆలస్యమవుతోందని తెలుగు మానేస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తల్లిదండ్రులకు ధారాళంగా వచ్చిన భాషలో మాట్లాడటమే బిడ్డకు మేలు. ఏడాదిన్నరలోపు ఫోన్, టీవీ తెర చూపించొద్దనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌ను మినహాయించింది. గుంటూరులో ఉన్న తాతయ్య డల్లాస్‌లోని మనవరాలితో తువ్వాలు అడ్డం పెట్టుకుని దోబూచులాడవచ్చు. ఎదుటి మనిషి ఆమెకు బదులిస్తున్నాడు, తేడా అంతా అక్కడే ఉంది.

బొమ్మలకు దుకాణం దాకా వెళ్లనక్కరలేదు. అర లీటరు ప్లాస్టిక్ సీసా కడిగి, లోపలి తడి పూర్తిగా ఆరాక నాలుగో వంతు వరకు చింతపిక్కలు పోయండి. నిండా పోస్తే మోగదు. తడి ఉంటే బూజు పడుతుంది. మూత బిగించి, చుట్టూ గట్టి జిగురు పెట్టి, ఒక రోజు ఆరనివ్వాలి. ఆర్నెల్ల బిడ్డకు ఇది గిలక్కాయ, తొమ్మిది నెలల బిడ్డకు దొర్లించి వెంట పాకే బండి. వారానికోసారి సీసా పగిలిందేమో, మూత కదులుతోందేమో చూసి, అనుమానముంటే పారేయండి. లోపలి చింతపిక్క గొంతులో అడ్డం పడిందంటే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పాత నూలు చీర ముక్కలతో మీ పిడికిలి కన్నా పెద్ద బంతి కుట్టండి. గుండీలు, పూసలు తగిలించకండి. ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు స్టీలు గిన్నెలు ఏడాది బిడ్డకు వారం పాటు చాలు. ముందు పడదోస్తాడు, తర్వాత ఒకదానిలో ఒకటి పెడతాడు, ఆ తర్వాత పేరుస్తాడు. ఆ వరస మీరు తొందరపెట్టలేరు. వెడల్పు మూతి డబ్బాలో దారపు రీళ్లో, పెద్ద చెక్కముక్కలో అరడజను వేసి ఇస్తే తీయడం, వేయడం, మళ్లీ తీయడంలోనే అరగంట గడిచిపోతుంది. నీళ్ల సీసాల మూతలు ఇందుకు వాడతారు, అది ప్రమాదం. గుర్తు సులువు. పది రూపాయల నాణెం అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్నదైనా, అంతే ఉన్నా, కాస్త పెద్దదైనా సరే, అలాంటి ఏ వస్తువూ మూడేళ్లలోపు బిడ్డ చేతికి ఇవ్వకూడదు. అన్నిటికన్నా భయపడవలసింది నాణెంలా ఉండే గుండ్రటి బ్యాటరీకి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. రిమోట్లు, మెరిసే బొమ్మలు, పాడే గ్రీటింగు కార్డులు అన్నిటి మూతలూ స్క్రూతో బిగించి ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

కొనదలిస్తే, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి కనుక ముందు అది చూడండి. మన ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేస్తారు, చంటిపిల్లల చేతికి అవి నప్పుతాయి. అవీ కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోవాలి. కొండపల్లి బొమ్మ ఎంత అందమైనా అల్మరాలో ఉండవలసిందే. తెల్లపొణికి చాలా తేలికైన కర్ర, నోట్లో పెట్టుకుంటే రంగూ, అతికించిన ముక్కా ఊడి వస్తాయి.

ఆటను చెడగొడుతున్నది చాలాచోట్ల అన్నం పెట్టే వేళ. నోట్లో ముద్ద పడాలంటే ఫోన్‌లో పాట మోగాల్సిందే అన్న స్థితి వచ్చింది. తెర చూస్తూ తినే బిడ్డకు ఆకలీ తెలియదు, కడుపు నిండిందీ తెలియదు. ఒకరు ఎక్కువ తింటారు, ఒకరు ముద్ద బుగ్గన పెట్టుకుని గంట కూర్చుంటారు. రెండేళ్ల లోపు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అలవాటైన బిడ్డకు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజులు ఏడుపు తప్పదు, తిండి కాస్త తగ్గుతుంది. అక్కడే ఇంటిల్లిపాదీ లొంగిపోతారు. ఆ నాలుగు రోజులు నిలబడితే చాలు. ఇంట్లోవాళ్లు తినేటప్పుడే బిడ్డనూ కూర్చోబెట్టి, విడిగా చిన్న గిన్నెలో పెట్టి, చేతికి ఒక చెంచా ఇవ్వండి. పారబోసుకుంటాడు, పోనీయండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తర్వాత గిన్నె తీసేసి రెండు గంటల దాకా బిస్కెట్టు, టీ, పాలు ఏవీ ఇవ్వకండి.

పెట్టేది చిక్కగా ఉండాలి. చెంచా వంచితే జారిపోయే పప్పునీళ్లు, చారన్నం కడుపు నింపుతాయి గానీ బలమివ్వవు. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాల మెత్తటి పప్పన్నంతో, నూనో నెయ్యో ఒక చెంచా కలిపి, రోజుకు రెండుసార్లు మొదలుపెట్టండి. తొమ్మిదో నెల దాటాక పావు లీటరు గిన్నెతో సగం చొప్పున మూడు నాలుగుసార్లు, ఏడాది దాటాక అదే గిన్నెతో ముప్పావు నుంచి నిండు గిన్నె. తొమ్మిది పది నెలల్లో బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్నది ఏరడం వస్తుంది. అప్పుడు పళ్లెంలో మెత్తని అన్నం మెతుకులు, ఉడికిన క్యారెట్ ముక్కలు వేసి ఏరుకోనివ్వండి. అది తిండీ, ఆటా రెండూ. పల్లీలు, శనగలు, నిండు ద్రాక్షపండు మాత్రం వద్దు.

ఆడని బిడ్డను చూసి “బుద్ధిమంతుడు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు” అని మెచ్చుకునే ముందు రక్తం సంగతి చూడాలి. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇనుము తక్కువైన బిడ్డ పక్కకు వెళ్లి చూడడు, చేయి చాపడు, త్వరగా అలిసిపోతాడు. ఎదురుగా ఉన్నవాళ్లు కూడా తెలియకుండానే పలకరించడం తగ్గిస్తారు. ఐరన్ సిరప్ ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఉచితంగా ఇస్తున్నారు. అది ఇళ్లలో ఎందుకు ఆగిపోతోందంటే, రెండో రోజుకల్లా విరేచనం నల్లగా కనబడుతుంది, అమ్మమ్మ భయపడి సీసా పైన పెట్టేస్తుంది. నల్లబడటం మామూలే. పాలతో, టీతో కలిపి ఇవ్వొద్దు. జ్వరం ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరుకు మించి పాలు పోయడం కూడా రక్తహీనతకు ఒక దారి. పాలతో కడుపు నిండితే అన్నానికి చోటుండదు, పాలలో ఇనుము దాదాపు లేదు.

మూడేళ్లు దాటినవాళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, చోటిస్తే చాలు, వాళ్లే ఆడుకుంటారు. రోజుకు మూడు గంటల కదలిక, అందులో ఒక గంట రొప్పు వచ్చేంత పరుగు కావాలి. గుజ్జనగూళ్లు, చెమ్మచెక్క, దాగుడుమూతలు, నాలుగేళ్లకు కుంటి ఆటలు, ఐదేళ్లకు తొక్కుడుబిళ్ల. వేళ్లు ఇంకా కుదురుకోని మూడేళ్ల బిడ్డ చేత నాలుగు గీతల కాపీలో అక్షరాలు దిద్దించే ప్లేస్కూళ్లకు ఆ పేరెలా పెట్టుకోవాలనిపిస్తుందో మాకు అర్థం కాదు.

ఇక ఆలస్యాల సంగతి. “వాళ్ల నాన్నకూ ఐదేళ్లకే మాటలొచ్చాయి” అని ఊరుకోవద్దు. మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం, ఐదు నెలలకు మెడ నిలవకపోవడం, పది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదికి వేలితో చూపకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం, పద్దెనిమిది నెలలకు నడవకపోవడం, రెండేళ్లకు “అమ్మా రా” అన్నట్టు రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటో పనో పోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించాలి. మాట ఆలస్యమైతే మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించాలి. చప్పట్లకు తిరిగాడు కనుక వినబడుతోందనుకోవడం పొరపాటు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందం జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. అక్కడ పరీక్షలు, ఫిజియోథెరపీ, మాటల శిక్షణ ఉచితం.

ప్రభుత్వానికి మా విన్నపం చిన్నది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు నెలనెలా ఏం ఆడించాలో చెప్పే “నవచేతన”ను కేంద్రం 2024లో తెచ్చింది. అందులో 36 నెలల క్యాలెండరు, 140 పనులు ఉన్నాయి. అది కార్యకర్త ఫోన్‌లో ఉండిపోకూడదు. తూకం రోజున ఒక్కో తల్లికి ఐదు నిమిషాలు కేటాయించి, ఒక్క ఆట చూపించి, ఆమె చేత చేయించి పంపండి. మరుసటి నెల “ఆడారా?” అని అడగండి. బిడ్డను తెచ్చింది నాయనమ్మ అయితే ఆమెకే చూపించండి, రోజంతా బిడ్డ ఉండేది ఆమె దగ్గరే. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వెళ్లేటప్పుడు తండ్రి ఉండే వేళ చూసుకుంటే ఇంకా మంచిది. జమైకాలో చేసినట్టు, కేంద్రానికో పది సంచులు, ఒక్కో సంచిలో ఐదు బొమ్మలు ఉంచి, నెలకోసారి మార్చి ఇవ్వండి. వెనక్కి వచ్చినవి సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. యాప్‌లో వివరాలు నింపడానికే పూట గడిచిపోతున్న కార్యకర్తకు ఈ ఐదు నిమిషాలు దొరకాలంటే, నింపాల్సిన గడులు కొన్ని తగ్గించాలి. ఇది ఆమె చేతిలో లేని పని.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. ఆదివారం అనుబంధంలో అరచేతంత చోటు కేటాయించి వారానికో బొమ్మ వేయండి. ఆవు, కోడి, ఆటో, బిందె, అరటిపండు లాంటివి, ఒక బొమ్మలో ఒకే వస్తువు, వెనక తెల్లగా. కత్తిరించి పెళ్లి శుభలేఖ అట్ట మీద అతికించి, సిరా నోట్లోకి పోకుండా పైన పారదర్శకమైన టేపు వేసి, మూలలు గుండ్రంగా కోస్తే పిల్లలకు బొమ్మల పుస్తకం తయారవుతుంది. కింద అక్షరాలు వేయకండి.

ఇట్లు
శిశువికాస శిక్షకులు కొందరం,
కాకినాడ